రెండు వేళ్ళ తొడుగు

వీధి మలుపులో గుర్రాల డెక్కల చప్పుడు వినగానే ఓబులాచారి చేతిలోని ఆకురాయి కింద పెట్టేశాడు.

"ఒరేయ్ ఈరిగా! మొహానికి ఇంకాస్త మసి!"

కొలిమి దగ్గర తిత్తి ఊదుతున్న యువకుడు బూడిదగుంటలో చెయ్యి ముంచి, నుదుటి నుంచి గడ్డం దాకా ఒక్క పట్టు వేశాడు. ఆచారి కూతురు మాచమ్మ వాణ్ణి ఎగాదిగా చూసి పెదవి విరిచింది.

"చెవుల వెనక ఎవరు పూస్తారు, మా అమ్మమ్మా? రాజుల చెవులు ఎంత తెల్లగా ఉంటాయో ఊరంతా చూడాలా?"

ఆ మసి కింద ఉన్నది ఈరిగాడు కాదు. మేఘగండి రాజ్యపు యువరాజు సింగరసు. ఇరవై రోజుల కిందట అతని అన్న, మహారాజు భైరవరసు, నెమలివాగు అడవికి వేటకు వెళ్ళి ఒంటరిగా తిరిగి వచ్చాడు. వస్తూనే చేసిన మొదటి పని, సొంత తమ్ముణ్ణి రాజద్రోహిగా చాటించడం. సింగరసు తల తెచ్చినవాడికి ఒక ఊరు ఇనాం. చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని "పిచ్చుకా" అని పిలిచిన అన్న, ఆ పేరుతో ఈ లోకంలో తనను పిలిచే ఒకే ఒక్క మనిషి, ఎందుకిలా మారాడో సింగరసుకు అంతుపట్టలేదు. కోటగోడ దూకి, ఆయుధాలు చేసే ఓబులాచారి ఇంట్లో కూలివాడిగా తలదాచుకున్నాడు.

ఇప్పుడు ఆ అన్నే గడప ముందు గుర్రం దిగుతున్నాడు.

ముందు సేనను నడిపే దళవాయి చెంచునాయడు వచ్చాడు. తలుపు సందులోంచి అతని మీసాలు మొదట, పొట్ట తర్వాత, మనిషి చివరికి లోపలికి చేరారు.

"ఏమయ్యా ఆచారీ, ఇంకా కొలిమి రాజేస్తున్నావా? ఏలినవారు స్వయంగా నీ కొంపకు వచ్చారు. నీ ఏడు తరాలు తరించాయి. లే, లే!"

వెనకే భైరవరసు. నెమలికంఠం రంగు పట్టు తలపాగా, దాని అంచున ఊగే ముత్యాల కుచ్చు, గుండెల మీద మూడు పేటల పగడాల హారం, వేళ్ళకు కెంపుల ఉంగరాలు. ఎలుగుబంటి చీల్చిన ఎడమ చెవి ఎప్పటిలాగే రెండుగా ఉంది. అడుగు వేస్తే పునుగు వాసన ముందు నడిచింది. ఆ వాసన అడుగున మరొకటి, సన్నగా, తడి కట్టె కాలినట్టు పొగ వాసన.

ఇద్దరు భటులు ఎర్రపట్టులో చుట్టిన పొడవాటి మూటను ఇనుము సాగగొట్టే దాగలి పక్కన పరిచారు. పట్టు విడిపోగానే ఆ మసిగదిలో వెలుగు పుట్టింది.

అది అడవిపిడుగు. భైరవరసు వేట తుపాకి. నల్లని గొట్టం మీద వెండితీగెతో అల్లిన లతలు, ఆ లతల్లో దాక్కున్న దంతపు చిలుకలు, గొట్టం కొసన నోరు తెరిచిన సింహపు తల. జిట్రేగి కొయ్యతో చెక్కిన ఒళ్ళు తేనెరంగులో మెరుస్తోంది. భుజానికి ఆనే మడమకు ఇత్తడి రేకు, రేకు మీద భైరవరసు పేరు. ఓబులాచారి తన చేతులతో చేసి, తన చేతులతో ఆ పేరు చెక్కాడు.

"మొన్న రెండుసార్లు పేల్చాను ఆచారీ. రెండుసార్లూ గురి తప్పింది. నీ పనితనం చెడింది."

ఆచారి మోకాళ్ళ మీద నుంచి తలెత్తాడు. "నా పని చెడదు మహాప్రభూ. మనిషి మారితే తప్ప."

గదిలో తిత్తి ఆగిపోయింది. దళవాయి ఆచారి వైపు చూసి, చచ్చావురా అన్నట్టు కళ్ళు పెద్దవి చేశాడు.

భైరవరసు నవ్వాడు. "మారాను మరి. ఎలుగు కొట్టిన భుజం, మునుపటిలా కదలడం లేదు. కొత్త కొలత తీసుకో. ఈ తుపాకి నా ఒంటికి సరిపోయేలా మార్చు. నడిపొద్దుకల్లా సిద్ధం కావాలి. పొద్దు గుంకేలోపు నేనొక మృగాన్ని కొట్టాలి."

"తెల్ల దుప్పి," అన్నాడు దళవాయి ఉత్సాహంగా. "ఎద్దంత ఉందయ్యా ఆచారీ! దాని ఎడమ చెవి రెండుగా చీలి ఉంటుంది. విచిత్రం ఏమిటంటే అది మనుషుల్ని చూసి పారిపోదు. మా వాళ్ళ దగ్గరికి వచ్చి మొహంలోకి చూస్తుంది. ఏలినవారు కనిపిస్తే మాత్రం అల్లంత దూరాన నిలబడిపోతుంది. అందుకే తుపాకి. ఇంకెవరూ దాని మీద ఈగను కూడా వాలనివ్వకూడదని ఆజ్ఞ. బాణం లేదు, ఈటె లేదు. ఏలినవారి తుపాకి ఒక్కటే."

"వాగుడు చాలు నాయడూ," అన్నాడు భైరవరసు.

ఆచారి పసుపులో నానబెట్టి ఆరబెట్టిన నూలుతాడు తీశాడు. ఆ ఇంటి పద్ధతి అది. ఆయుధం చేయించుకునే ప్రతి మనిషికీ ఒక తాడు. మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా ఒక ముడి, భుజం నుంచి చెంప దాకా ఒక ముడి, చెంప నుంచి కంటి దాకా ఒక ముడి. ఆ తాడు గోడమీద మేకుకు వేలాడుతుంది. మనిషి పోయిన రోజున దాన్ని కొలిమిలో వేసి కాలుస్తారు. అప్పటిదాకా ఎవరూ ముట్టరు.

కొలత అయ్యింది. భైరవరసు గడప దాటి, భటుడి చేతిలోని ఇత్తడి ధూపపాత్ర తీసుకుని మెట్టు మీద పెట్టించాడు. పాత్ర మూత తీయగానే నీలంరంగు పొగ సన్నటి తాడులా సాగి ఇంటి చుట్టూ నేలబారున పాకింది. మొదలూ కొసా కలుసుకున్నాయి.

"పని శ్రద్ధగా సాగాలని రాజమందిరపు ధూపం," అన్నాడతను. "నేను వచ్చేదాకా దీన్ని ఎవరూ దాటకండి."

గుర్రాలు వెళ్ళిపోయాయి. పెరట్లోంచి మాచమ్మ గుడ్లకోడి కొక్కొక్కో అంటూ గింజల కోసం వీధిలోకి పరిగెత్తింది. పొగ మీద కాలు పెట్టింది. అరుపు సగంలో ఆగిపోయింది. అక్కడ కోడి లేదు. కోడి ఆకారంలో ఒక బూడిదరంగు రాయి ఉంది.

"నా కోడి!" అని మాచమ్మ ముందుకు దూకబోతే సింగరసు ఆమె జడ పట్టుకుని వెనక్కు లాగాడు.

"అది కోడి. నువ్వయితే పెద్ద రాయి అవుతావు."

"జడ వదులు ముందు!" అని ఆమె విదిలించుకుంది. కానీ మొహం పాలిపోయింది. "ఇదేం ధూపం నాన్నా?"

ఆచారి గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కొత్త తాడు. రెండో చేతిలో, ఆరేళ్ళుగా మేకుకు వేలాడుతున్న భైరవరసు పాత తాడు. రెండింటి మొదళ్ళూ కలిపి పట్టుకున్నాడు. ముంజేతి ముడులు ఒకచోట లేవు. కొత్త ముడి రెండు వేళ్ళు కిందికి ఉంది.

"భుజం బెణికితే బెణుకుతుంది," అన్నాడు ఆచారి మెల్లగా. "ముంజేయి రెండు వేళ్ళు పెరగదు బాబూ. ముఖం దొంగిలించవచ్చు. చెవి చీలిక దొంగిలించవచ్చు. ఎముక మాత్రం ఎవడిది వాడిదే. వచ్చినవాడు మీ అన్నగారు కాడు."

సింగరసు ఆ రెండు తాళ్ళనూ చూశాడు. పొగ. పొడుగు చేతులు. "ధూమదత్తుడు!" అన్నాడు. "పోయినేడు అన్న రాజ్యం నుంచి వెళ్ళగొట్టిన మాంత్రికుడు. వాడి చేతులు మోకాళ్ళ దాకా వేలాడేవి."

"అయితే ఇది రూపచోర విద్య. మా తాత చెప్పేవాడు. మనిషి రూపం దొంగిలించి, అసలు మనిషిని మృగంగా మారుస్తారు. ఇరవై ఒక్క రోజులే గడువు. ఈలోపు ఆ మృగం తన పేరు చెక్కిన ఆయుధంతో చస్తే దొంగ రూపం శాశ్వతమవుతుంది. చావకపోతే ఇరవై ఒకటో రోజు పొద్దు గుంకగానే దొంగ రూపం ఊడిపోతుంది, అసలువాడు తిరిగి వస్తాడు."

"ఇవాళ ఇరవై ఒకటో రోజు," అన్నది మాచమ్మ.

చెవి చీలిన తెల్ల దుప్పి. మనుషుల దగ్గరికి వచ్చి మొహంలోకి చూసే దుప్పి. సింగరసు సమ్మెట అందుకుని అడవిపిడుగు మీదికి ఎత్తాడు.

ఆచారి తుపాకికి అడ్డంగా పడుకున్నాడు. "విరిస్తే మీ అన్న బతుకుతాడు. నిజమే. నడిపొద్దుకు వాడు వస్తాడు. ముక్కలు చూస్తాడు. మనం ముగ్గురం ఆ కోడి పక్కన నిలబడతాం. అప్పుడు రేపు మీ అన్నగారికి తమ్ముడు ఉండడు. నాకు కూతురు ఉండదు."

"అయితే గొట్టం కొసన కాస్త వంకర చేద్దాం నాన్నా. ఎవరికీ కనపడదు."

"నోరు ముయ్!" ఆచారికి నిజంగానే కోపం వచ్చింది. "ఈ కొలిమిలో వంకర పని పుట్టలేదు. పుట్టదు. పైగా వాడు ఇక్కడే పేల్చి చూసుకుంటాడు. తప్పితే మన పని అక్కడితో సరి."

గదిలో మూడు దారులూ మూసుకుపోయాయి. బయట పొగ. లోపల తుపాకి. కిటికీలోంచి పడిన ఎండచెక్క గోడ మీద అంగుళం అంగుళం కిందికి దిగుతోంది. ఆ ఎండలో మాచమ్మ తన పనిబల్ల మీద ఆరబెట్టిన కుంకుమభరిణెలు వరసగా ఉన్నాయి. లక్కపూత పూసిన భరిణెలు. చివరి రెండింటి మూతలు ఎండకు జారి పక్కకు ఒరిగాయి. మాచమ్మ వాటిని చూసింది. తండ్రిని చూసింది.

"నాన్నా, లక్క పొద్దున రాయి. మధ్యాహ్నం వెన్న."

ఆచారి ఒరిగిన మూతను వేలితో నొక్కి చూశాడు. తర్వాత తెల్లటి మీసాల చాటున నవ్వు మొలిచింది. "ఇలా రా తల్లీ. వంకర పని కాదిది. తుపాకి భైరవరసుది. భైరవరసు కొలతలోనే ఉంటుంది, నేను వెంట్రుకవాసి కూడా చెక్కను. అరువు రాజుకు పైన ఒక అరువు తొడుగు చేస్తాం."

పని మొదలయ్యింది. ఆచారి మడమ మీది ఇత్తడి రేకు మేకులు ఊడదీశాడు. మాచమ్మ జిట్రేగి తుండు నుంచి భరిణె, మూతల్లాగా ఒకదానిలోకి ఒకటి దూరే రెండు తొడుగులు తొలిచింది. బాడిసె పడుతుంటే కొయ్యపేళ్ళు ఆమె జుట్టులో పూలలా ఇరుక్కున్నాయి. సింగరసు లక్క కరిగించాడు.

"మంట తగ్గించు! లక్క అది, నీ కోటలో పాయసం కాదు."

"కోటలో పాయసం నేను వండలేదు."

"కనిపిస్తూనే ఉంది."

రెండు తొడుగుల మధ్య రెండు వేళ్ళ మందాన లక్క పోశారు. అది బిగిసింది. పైన తేనెరంగు నూనె రుద్ది, ఇత్తడి రేకు బిగిస్తే అతుకు కంటికి దొరకలేదు. "లక్క గట్టిగా ఉన్నంతసేపు వాడి చేతికి అమిరినట్టు ఉంటుంది," అన్నాడు ఆచారి. "ఎండకు మెత్తబడ్డాక వాడు భుజానికి అదిమితే తొడుగు లోపలికి పోతుంది. కన్ను ముందుకు జారుతుంది. గుండు జానెడు పైకి పోతుంది. గురి తప్పింది తన కన్నే అనుకుంటాడు."

నడిపొద్దుకు గుర్రాలు వచ్చాయి. వాటితో ఒక పల్లకి. దాని నాలుగు వైపులా వట్టివేళ్ళ తడికలు, వాటి మీద కుండలతో నీళ్ళు చల్లుతూ ఇద్దరు మనుషులు. దొంగ భైరవరసు దిగి, ధూపపాత్రకు మూత వేయించాడు. నీలిపొగ నేలలోకి ఇంకినట్టు మాయమైంది. సింగరసు కళ్ళు ఆ మూత మీదే నిలిచాయి.

వీధి చివర వెదురుగడకు తాటికాయ వేలాడదీశారు. మాంత్రికుడు అడవిపిడుగును భుజానికి ఆనించాడు. వెలిగిన వత్తి తుపాకిమందును తాకింది. వీధి దద్దరిల్లింది. తాటికాయ రెండు చెక్కలై చెరో ఇంటి కప్పు మీద పడింది.

"అద్భుతం!" అని చప్పట్లు కొట్టాడు దళవాయి.

మాంత్రికుడి కళ్ళు గోడ మీదికి మళ్ళాయి. ఒకే మేకుకు రెండు తాళ్ళు. "ఒక మనిషికి రెండు కొలతలా? పాతది కాల్చెయ్."

"తాడు కాల్చేది మనిషి పోయినప్పుడు కదా ఆచారీ?" అన్నాడు దళవాయి అమాయకంగా. అన్నాక నాలుక కరుచుకున్నాడు. అతని చూపు ఒకసారి రాజు మొహం మీదికి వెళ్ళి, చటుక్కున నేల మీదికి దిగింది.

ఆచారి ఒక తాడు తీసి నిప్పుల్లో వేశాడు. ఏది కాలిందో, ఏది మేకు మీద మిగిలిందో ఆచారికి ఒక్కడికే తెలుసు.

"తుపాకిని పల్లకిలో నా పక్కన పెట్టండి."

పల్లకిలో ఎండ తగలదు. తడి వట్టివేళ్ళ చల్లదనంలో లక్క ఉక్కులా ఉంటుంది. ఆచారి దళవాయి వైపు చూశాడు. దళవాయి గొంతు సవరించుకున్నాడు.

"మహాప్రభూ, ఆనవాయితీ ఏలినవారు మరిచినట్టున్నారు. వేట తుపాకి పల్లకి ఎక్కదు. బయట, మనిషి భుజం మీద నడుస్తుంది. ఏ ఆయుధం వస్తోందో వనదేవత చూడాలి. పని జరిగిన ఇంటి మనిషే మొదటి వేట దాకా మోయాలి. తమరి తాతగారి కాలం నుంచీ..."

"మరవలేదు," అన్నాడు మాంత్రికుడు కాస్త తొందరగా. "ఈ మసిమొహంవాడు మోస్తాడు." దగ్గరికి వచ్చి సింగరసు గడ్డం పట్టి పైకెత్తాడు. "వీడి కళ్ళు ఎక్కడో చూశాను."

"సంతలో చూసుంటారు ప్రభూ," అన్నది మాచమ్మ. "దున్నలన్నింటికీ ఇవే కళ్ళు."

భటులు నవ్వారు. మాంత్రికుడు గడ్డం వదిలేశాడు. సింగరసు తుపాకిని భుజాన వేసుకుని, తుపాకిమందు నింపిన మందుకొమ్మును నడుముకు కట్టుకుని, వెలిగించిన వత్తిని ముంజేతికి చుట్టుకున్నాడు. గడప దాటాడు. వెనక మాంత్రికుడి గొంతు వినిపించింది.

"ఆచారీ, నువ్వూ నీ కూతురూ వేట అయ్యేదాకా లోపలే ఉండండి. పాత్ర మూత తీసి వెళ్తున్నాను. గురి కుదిరితే వచ్చి మూస్తాను. తప్పిందా, నేను చిటిక వేస్తే చాలు, ఈ పొగ గడప దాటి లోపలికి వస్తుంది."

సింగరసు కాలు ఆగిపోయింది. వెనుదిరిగాడు. నీలిపొగ మళ్ళీ లేస్తోంది. దాని అవతల తండ్రీకూతుళ్ళు నిలబడి ఉన్నారు.

"ఏరా ఈరిగా, నిలబడ్డావేం?" అని అరిచాడు ఆచారి. "ఈ ఇంటి పని మీద నాకు నమ్మకం ఉంది. నువ్వు మధ్యలో పాడు చేయకు. నడువు!"

నెమలివాగు దారి సగం దాకా ఎండ నిప్పులు చెరిగింది. సింగరసు బొటనవేలితో రేకు అంచును నొక్కుతూ నడిచాడు. లక్క వేడెక్కుతోంది, ఇంకాస్త, ఇంకాస్త. అడవి అంచుకు రాగానే పడమట నల్లటి మబ్బు లేచింది. సూర్యుడు దాని వెనక్కు వెళ్ళాడు. చల్లటి గాలి విసిరింది. వేగులు ఈలలు వేశారు. దుప్పి కనిపించింది!

రేకు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. కదల్లేదు. లక్క బిగిసిపోయింది.

ఇక ఎండ తన పని చేయదు. ఏమీ చేయకపోతే గుండు అన్న గుండెల్లో దిగుతుంది, ఆచారి ఇల్లు బతుకుతుంది. సింగరసు వత్తి ఆరిపోతున్నట్టు తల వంచి, ముంజేతిని తుపాకి మడమ మీదికి తెచ్చి, ఉఫ్ ఉఫ్ అని ఊదడం మొదలుపెట్టాడు. వత్తి కొస నిప్పు ఇత్తడి రేకుకు ఆనుకుంది. రేకు కాలింది. దాన్ని పట్టుకున్న అరచెయ్యి కాలింది. పళ్ళు బిగించి ఊదాడు.

దళవాయి గుర్రం పక్కకు వచ్చింది. ముక్కు ఎగరేశాడు. "ఏదో కాలుతోందిరా. లక్క వాసన."

"వత్తి దొరా. మా మాచమ్మక్క లక్కచేత్తో పేనింది."

దళవాయి ఆ చేతి వైపు చూశాడు. అరచేతి కింద నుంచి ఎర్రటి చుక్క ఒకటి జారి దుమ్ములో పడింది. దళవాయి దాన్ని చూశాడు. గుర్రాన్ని ముందుకు పోనిచ్చి, దుమ్ములోని చుక్క మీద గిట్ట పడేలా నడిపాడు.

వాగు అవతలి గట్టు మీద, పసుపుపూల పొదల మధ్య, అది నిలబడి ఉంది. పాలనురుగులాంటి ఒళ్ళు. కొమ్మలు కొమ్మలుగా విచ్చుకున్న కొమ్ములు. రెండుగా చీలిన ఎడమ చెవి. దాని చూపు రాజు మీద లేదు. తుపాకి మోస్తున్న మసిమొహం మీద ఉంది.

"ఇవ్వు," అన్నాడు మాంత్రికుడు.

సింగరసు తుపాకిని అందించాడు. మాంత్రికుడు భుజానికి ఆనించి, చెంప దించి, అదిమి పట్టాడు. వత్తి దిగింది.

అడవి మీది పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. దుప్పి కుడికొమ్ము కొస విరిగి వాగులో పడింది. దుప్పి మాత్రం నిలబడే ఉంది.

మాంత్రికుడు తుపాకి దించాడు. భుజం మీద వేడిగా ఏదో తగిలింది. వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. పట్టుబట్ట మీంచి ఎర్రటి లక్క తీగలా సాగింది. మెల్లగా సింగరసు వైపు తిరిగాడు.

అప్పుడు వాగు అవతల నుంచి గొంతు వచ్చింది. బొంగురుగా, గడువు ముగుస్తూ మంత్రం సడలుతుంటే మృగం గొంతులోంచి మనిషి మాట పెకలించుకుని వచ్చినట్టు.

"పిచ్చుకా!"

దళవాయి ఉలిక్కిపడ్డాడు. ఆ పేరు కోటలో అతను వందసార్లు విన్నాడు. ఎవరి నోట విన్నాడో అతనికి తెలుసు. మాంత్రికుడికి ఇప్పుడే తెలిసింది, ఎవరిని పిలిచారో. మసి కింద ఉన్న కళ్ళు ఎవరివో.

"సింగరసు!" అని బుసకొట్టి మాంత్రికుడు చిటిక వేశాడు. దూరంగా, నగరం మీద, నీలిపొగ ఒక్కసారి స్తంభంలా లేచింది. "మందుకొమ్ము తే!"

సింగరసు నడుము నుంచి మందుకొమ్మును తెంపి వాగు నడుమకు విసిరేశాడు. దాని వెనకే తనూ దూకాడు. మోకాలి లోతు నీళ్ళు చీల్చుకుని అవతలి గట్టు ఎక్కేసరికి దుప్పి అతని ముందు వీపు వంచి నిలబడింది.

"బాణాలు వేయండి!" అని మాంత్రికుడి కేక. "ఇద్దరి మీదా!"

యాభై విళ్ళు లేచాయి. దళవాయి చెంచునాయడు చెయ్యి ఎత్తాడు.

"ఆగండి! ఏలినవారి తుపాకి తప్ప మరేదీ ఆ దుప్పిని తాకకూడదని ఏలినవారి ఆజ్ఞ. పొద్దున్న తమరే కదా ప్రభూ ఇచ్చారు? ఒక బాణం గురి తప్పి దుప్పికి తగిలిందనుకోండి, మా తలలు పోవూ?"

యాభై విళ్ళూ అలాగే ఆగిపోయాయి. ఆ కాసేపు చాలు. సింగరసు కాలిన చేతితో కొమ్ము పట్టుకుని తెల్ల దుప్పి వీపు ఎక్కాడు. అది గాలిలోకి లేచినట్టు పొదలు దాటి, రాళ్ళు దాటి, నగరం దారి పట్టింది.

మబ్బు చీలింది. పడమటి కొండ మీద సూర్యుడు బారెడు ఎత్తున ఉన్నాడు. ఎదురుగా, ఆచారుల వీధి మీద, నీలిపొగ స్తంభం మెల్లగా కప్పుల్లోకి వంగుతోంది, ఇంకా లోపలికి దిగలేదు. పొగకు బయటివైపున మెట్టు మీదున్న ధూపపాత్రకు బయటి మనిషెవరైనా ఒక ఇత్తడి మూత వేయాలి. అంతే. ఆ మెట్టుకు ఇంకా రెండు కోసుల దూరం ఉంది.

వెనక, మాంత్రికుడి గుర్రం వాగు దాటిన చప్పుడు వినిపించింది.

"పట్టుకో పిచ్చుకా, గట్టిగా," అన్నాడు అన్న.